కేదార్‌నాథ్ నడకకు ఏం వేసుకోవాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

మే నెలలో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో 42 డిగ్రీల ఎండలో బ్యాగు సర్దుకుని, మూడో రోజుకల్లా నడక మొదలయ్యే గౌరీకుండ్‌లో దిగే యాత్రికులు మనలో చాలామంది. ఒంటి మీద కాటన్ చొక్కా, జీన్స్ ప్యాంటు, కాళ్లకు శాండల్స్, బ్యాగులో ఒక స్వెట్టర్, మంకీ క్యాప్. పొద్దున్నే కాస్త ఎండ కాస్తుంటే అవే చాలనిపిస్తాయి. మధ్యాహ్నం వాన పట్టుకున్నాక అవేవీ పనికిరావు. నడిచి వెళ్లేవాళ్లు, గుర్రం మీదో హెలికాప్టర్‌లోనో వెళ్లేవాళ్లు బట్టల గురించి ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

మే, జూన్ అంటే ఎండాకాలమే కదా. అక్కడ అంత చలి ఎందుకు?

గౌరీకుండ్ ఎత్తు సుమారు 1,980 మీటర్లు. కేదార్‌నాథ్ 3,583 మీటర్లు. ప్రతి వెయ్యి మీటర్లకు ఆరు ఆరున్నర డిగ్రీల చొప్పున వేడి తగ్గుతుంది. అంటే గౌరీకుండ్‌లో మీరు టీ తాగుతూ 15 డిగ్రీల దగ్గర హాయిగా ఉన్నప్పుడు, పైన 5 డిగ్రీలు ఉంటుంది. మే నెలలో రాత్రిళ్లు సున్నా దగ్గరికి దిగడం మామూలే. మంచు కూడా పడొచ్చు.

దానికి గాలి తోడవుతుంది. 5 డిగ్రీల చలిలో గంటకు 30 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తే, ఒంటికి అది సున్నా డిగ్రీల చలిలాగే తగులుతుంది. దారి పైభాగాన ఉన్న లించోలి దాటాక చెట్లు పలచబడిపోతాయి కాబట్టి గాలికి అడ్డు ఉండదు. మే, జూన్‌లలో పొద్దున తెరిపిగా ఉండి, మధ్యాహ్నం మబ్బు పట్టి వాన కురవడం అక్కడ తరచూ జరిగేదే. జూన్ ఆఖరు నుంచి సెప్టెంబరు దాకా రుతుపవనాల కాలం. అప్పుడు వానకు వేళాపాళా ఉండదు, కొండచరియలు కూడా విరిగిపడతాయి.

లంబసింగి, అరకు చలి చూసినవాళ్లం. ఇది మాత్రం తట్టుకోలేమా?

లంబసింగి డిసెంబరు చలిలో మామూలుగా వాన ఉండదు. పైగా కారు దిగి, మంట దగ్గర నిలబడి, ఫొటో దిగి మళ్లీ కారెక్కుతాం. కేదార్‌నాథ్‌కు ఒక వైపే 16 కిలోమీటర్లకు తక్కువ కాకుండా నడక. మామూలుగా నడిచేవాళ్లకు ఏడెనిమిది గంటలు, పెద్దవాళ్లకు పది పన్నెండు గంటలు. ఎక్కుతున్నంతసేపూ లోపల చెమట, పైన వాన. మనిషిని పడగొట్టేది ఈ తడే. నీరు గాలి కంటే దాదాపు పాతిక రెట్లు వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తుంది. పొడి బట్టలతో సున్నా డిగ్రీల్లో రాత్రంతా కులాసాగా ఉన్న మనిషే, తడి బట్టలతో 8 డిగ్రీల్లో రెండు గంటలకు మాట తడబడే స్థితికి రావచ్చు.

కాబట్టి సర్దుకునేటప్పుడు స్వెట్టర్ ఎంత మందంగా ఉందన్నది తర్వాతి సంగతి. సాయంత్రానికి ఒంటికి తగిలే బట్ట పొడిగా ఉంటుందా లేదా అన్నది ముందు చూసుకోవాలి.

జీన్స్, కాటన్ బట్టలు ఎందుకు వద్దంటున్నారు? రోజూ వేసుకునేవే కదా.

మన ఎండలకు కాటన్‌ను మించింది లేదు, ఎందుకంటే అది చెమటను పీల్చుకుని ఒంటిని చల్లబరుస్తుంది. కొండ మీద అదే గుణం మన మీదికి తిరగబడుతుంది. నూలు బట్ట నీటిని పోగుల్లోకి పీల్చుకుంటుంది, ఒంటికి అతుక్కుంటుంది, ఆ చలిలో ఆరనే ఆరదు. తడిసిన జీన్స్ బరువు ఇంచుమించు రెట్టింపవుతుంది. మోకాలు వంచిన ప్రతిసారీ తొడల దగ్గర ఒరుసుకుని చర్మం లేచిపోతుంది.

అందరూ మరిచిపోయేది లోపలి బట్టల సంగతి. మగవాళ్లు రెండు వేల రూపాయల జాకెట్ కొని, లోపల మామూలు కాటన్ బనియన్ వేసుకుంటారు. దారిలో వచ్చే జంగిల్ చట్టి చేరేసరికి ఆ బనియన్ చెమటకు పిండేలా ఉంటుంది. టీ కోసం ఆగిన ఐదు నిమిషాల్లో వీపు మీద ఐసుగడ్డ పెట్టినట్టవుతుంది. పైన ఎంత ఖరీదైన జాకెట్ ఉన్నా దీనికి మందు లేదు. ఆ రోజుకు బనియన్ మానేసి, ఆటలకు వాడే పాలిస్టర్ టీషర్ట్ వేసుకోండి.

అయితే ఏం వేసుకోవాలి? వరుసగా చెప్పండి.

ఒంటికి తగిలేలా పాలిస్టర్ టీషర్ట్, పొడుగు చేతులదైతే మేలు. దాని మీద పలచటి ఫ్లీస్ (మెత్తటి నూగున్న పాలిస్టర్ బట్ట) జాకెట్ గానీ స్వెట్టర్ గానీ. అన్నిటికంటే పైన వాన, గాలి లోపలికి రానివ్వని రెయిన్ జాకెట్. కాళ్లకు త్వరగా ఆరే ట్రాక్ ప్యాంటు, వాన వస్తే దాని మీద రెయిన్ ప్యాంటు. థర్మల్స్ (ఒంటికి అతుక్కుని ఉండే వెచ్చటి లోదుస్తులు) వేసుకుని ఎక్కకండి. చెమటకు తడిసిపోతాయి, రాత్రి వేసుకోవడానికి మిగలవు. మంచు పడుతున్నా, మీరు గుర్రం మీద వెళ్తున్నా అది వేరే సంగతి.

బ్యాగులో పెట్టుకోవాల్సినవి: ఒక జత థర్మల్స్, ఒక మందపాటి జాకెట్, ఇంకో పాలిస్టర్ టీషర్ట్, ఇంకో ప్యాంటు, మూడు జతల సాక్సులు, రెండు జతల గ్లౌజులు, మంకీ క్యాప్, మెడకు మఫ్లర్. ఒక రాత్రి బసకు ఇవి సరిపోతాయి. నీళ్లు, తిండి, మందులతో కలిపి బ్యాగు ఐదారు కిలోలు దాటకూడదు. దాటిందంటే ఏదో అనవసరమైంది పెట్టారన్నమాట. మన ఇళ్ల నుంచి మోసుకెళ్లే రగ్గులూ దుప్పట్లూ ఆ కోవలోవే. పైన లాడ్జిల్లో, టెంట్లలో రజాయిలు ఇస్తారు.

ఉన్ని స్వెట్టర్ గురించి ఒక మాట. నిజమైన ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమ పీల్చుకున్నా ఒంటికి తడి తెలియనివ్వదు. మన బజార్లో ఉన్ని పేరుతో అమ్మేవాటిలో చాలావరకు యాక్రిలిక్ స్వెట్టర్లే. అవీ పనికొస్తాయి, కాటన్ స్వెట్‌షర్ట్ కంటే చాలా నయం. అయితే అల్లికలోంచి గాలి దూరిపోతుంది కాబట్టి పైన రెయిన్ జాకెట్ ఉంటేనే వెచ్చగా ఉంటాయి. పక్షి ఈకలు నింపిన జాకెట్ తేలిగ్గా, వెచ్చగా ఉంటుంది గానీ తడిస్తే ఈకలన్నీ ముద్దకట్టి ఎందుకూ కొరగాదు. దాన్ని గది చేరాకే బయటికి తీయాలి.

ఏది ఎప్పుడు తీయాలి, ఎప్పుడు వేసుకోవాలి?

బయల్దేరేటప్పుడు కొంచెం చలి వేస్తూనే ఉండాలి. తెల్లవారుజామున గౌరీకుండ్‌లో వెచ్చగా అన్నీ తొడుక్కుని నడక మొదలుపెడితే అరగంటలో లోపలంతా తడి. స్వెట్టర్ తీసి బ్యాగులో పెట్టి బయల్దేరండి, పది నిమిషాల్లో ఒళ్లు వేడెక్కుతుంది. ఆగినప్పుడు మాత్రం చలి వేసేదాకా చూడకండి. కూర్చోకముందే స్వెట్టర్ వేసుకోవాలి, లేచాక మళ్లీ తీసేయాలి. బద్ధకించకుండా ఇన్నిసార్లు తీసి వేసుకునేవాళ్లే పైకి పొడిగా చేరతారు.

వానకూ అంతే. నాలుగు చినుకులు పడగానే రెయిన్‌కోటు తొడగాలి. తడిసిన ఒంటి మీద తొడిగితే ఆ తడిని లోపల మూతపెట్టి ఉంచుకున్నట్టే.

గౌరీకుండ్‌లో అమ్మే ప్లాస్టిక్ రెయిన్‌కోటు చాలదా?

దారి పొడవునా చిరిగిపడి కనిపించేవి అవే. పలచటి పాలిథిన్ షీటును వేడితో అతికించి చేస్తారు. చంకల దగ్గర, గుండీల దగ్గర మొదట చిరుగుతాయి. గుర్రం ఎక్కేటప్పుడు కాలు చాపితే కింద నుంచి నడుము దాకా పోతుంది. గాలి ఆడదు కాబట్టి వాన పడకపోయినా చెమటతో లోపల తడుస్తారు. ఏమీ లేనప్పుడు అదైనా కొనుక్కోవాల్సిందే, కాకపోతే ఒకటి కాదు, రెండు కొనండి.

ఇంటి దగ్గరే కొనేటట్టయితే జాకెట్, ప్యాంటు విడివిడిగా ఉన్న సెట్టు తీసుకోండి. లోపలివైపు తిరగేసి చూస్తే కుట్ల మీద పొడుగ్గా టేపు అతికించి ఉండాలి. టేపు లేకపోతే సూది రంధ్రాల్లోంచి నీరు కారుతుంది. స్వెట్టర్ మీద కూడా పట్టేంత వదులు ఉండాలి. ప్యాంటుకు పాదాల దగ్గర జిప్పు ఉంటే బూట్లు విప్పకుండా తొడుక్కోవచ్చు. కొన్నాక వేసుకుని బాత్‌రూంలో షవర్ కింద పది నిమిషాలు నిలబడండి. భుజాలు, మెడ, జిప్పు వెనక తడిస్తే తిరిగి ఇచ్చేయండి.

పాంచోకు (తల మీంచి వేసుకునే వదులు రెయిన్‌కోటు) గాలి బాగా ఆడుతుంది, బ్యాగు కూడా కప్పుతుంది. గాలి లేని వానకు అది బాగుంటుంది. లించోలి పైన గాలికి తెరచాపలా ఎగిరి నడుము కింద అంతా తడిపేస్తుంది. గొడుగు సంగతి సరేసరి, రద్దీ దారిలో ఎదుటివాళ్ల కళ్లకు ప్రమాదం, గాలికి తిరగబడుతుంది.

బ్యాగుకు రెయిన్ కవర్ ఉంది. లోపలివి తడవవు కదా?

తడుస్తాయి. రెయిన్ కవర్ బ్యాగు బయటివైపునే కప్పుతుంది. మీ వీపు మీద జారిన నీరు అటు నుంచి దిగుతుంది. బ్యాగు లోపల ఒక పెద్ద, మందపాటి ప్లాస్టిక్ సంచి పరిచి అన్నీ అందులో సర్ది, మూతి మెలిపెట్టి మడవండి. థర్మల్స్, ఒక జత సాక్సులు, టోపీ మాత్రం ఇంకో చిన్న కవర్లో వేరుగా కట్టండి. ఈ కవరు గది చేరాక తప్ప దారిలో తెరవకూడదు. ఒంట్లో వణుకు పుట్టి ఆగిపోవాల్సి వస్తే ఒక్కటే మినహాయింపు.

స్పోర్ట్స్ షూస్ చాలా, ట్రెక్కింగ్ బూట్లే కావాలా?

దారి చాలావరకు రాళ్లు పరిచినది. ఎత్తైన బూట్లు తప్పనిసరి కాదు, అడుగున పట్టు తప్పనిసరి. షూ తిప్పి చూడండి. గాడులు లోతుగా ఉంటే సరే, అరిగి నున్నగా ఉంటే వద్దు. ఆ రాళ్ల మీద వాన నీరూ గుర్రాల పేడా కలిసి జారుడు పేరుకుంటుంది. నున్నటి అడుగున్న షూ ఎక్కేటప్పుడు ఎలాగో నిలుస్తుంది, దిగేటప్పుడే కాలు జారుతుంది. రబ్బరు చెప్పులు, క్రాక్స్ వేసుకుని ఎక్కడం సాహసం కాదు, చీలమండ విరగ్గొట్టుకునే పని.

షూ ఒక సైజు పెద్దది తీసుకోండి. దిగేటప్పుడు వేళ్లు ముందుకు గుద్దుకోకూడదు. కొత్త జతతో నేరుగా గౌరీకుండ్‌లో దిగితే దారిలోని భీంబలి వచ్చేలోపే మడమ మీద బొబ్బ లేస్తుంది. ఇంటి దగ్గర కనీసం రెండు వారాలు, మెట్లు ఎక్కి దిగుతూ వాడండి. సాక్సులు కాటన్‌వి వద్దు. ఇనుప మొన ఉన్న కర్ర గౌరీకుండ్‌లో దొరుకుతుంది, తప్పక తీసుకోండి.

గుడి దగ్గర పాదరక్షలు విడిచి తడి రాతి మీద క్యూలో చాలాసేపు నిలబడాలి. అందుకే మూడు జతల సాక్సులు అన్నాం: ఒకటి నడకకు, ఒకటి దర్శనం అయ్యాక మార్చుకోవడానికి, ఒకటి పడుకోవడానికి.

చీరతో, పంచెతో నడవకూడదా?

దర్శనానికి కట్టుకోండి, నడకకు వద్దు. చీర కుచ్చిళ్లు నేల తడిని పీల్చుకుంటే ఆ తడి మోకాళ్ల దాకా పాకుతుంది, అంచు కాళ్లకు చుట్టుకుని మెట్ల దగ్గర పడేస్తుంది. పాలిస్టర్ సల్వార్, కింద లెగ్గింగ్, పైన పొట్టి కుర్తా అయితే నడకకు వీలుగా ఉంటుంది. చున్నీ మెడకు చుట్టి కొసలు లోపల దోపుకోవాలి, ముఖ్యంగా గుర్రం ఎక్కేవాళ్లు. చీర తప్పదనుకునే పెద్దావిడలు లోపల థర్మల్ లెగ్గింగ్ వేసుకుని, చీర చీలమండల పైకి ఎత్తి కట్టి, మీద రెయిన్ ప్యాంటు తొడగవచ్చు. చూపుకు ఎలా ఉన్నా కాళ్లు పొడిగా ఉంటాయి. దర్శనానికి చీర గానీ పంచె గానీ పలచటిది ఒకటి కవర్లో పెట్టుకుంటే బరువు ఉండదు.

గుర్రం మీద వెళ్తున్నాం, నడవడం లేదు. మాకూ ఇదంతా అవసరమా?

మీకే ఎక్కువ అవసరం. నడిచేవాళ్ల ఒళ్లు ఆ శ్రమకు వేడి పుట్టిస్తుంది. గుర్రం మీద, డోలీలో, వీపు బుట్టలో కూర్చున్నవాళ్లకు ఆ వేడి ఉండదు. తొడల మీద వాన నీరు మడుగు కడుతుంది, వేలాడే పాదాలు మొద్దుబారతాయి, పిడి పట్టుకున్న వేళ్లు బిగుసుకుపోతాయి. మీరు మాత్రం థర్మల్స్ వేసుకునే ఎక్కండి, రెయిన్ ప్యాంటు గౌరీకుండ్‌లోనే తొడుక్కోండి, గ్లౌజులు మరవకండి. గంటకోసారి దిగి పది నిమిషాలు నడవండి. గుర్రం మీద పాంచో వద్దు, ఎగిరితే గుర్రం బెదురుతుంది.

బుట్టలో కూర్చోబెట్టిన పిల్లలు చలి వేస్తోందని చెప్పరు, ముడుచుకుని నిద్రపోతారు. ఆగిన ప్రతిచోటా మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి. అక్కడ చల్లగా తగిలితే టీ కొట్టు లోపలికి తీసుకెళ్లి ముందు బట్టలు మార్చాలి.

హెలికాప్టర్‌లో పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేస్తాం. ఒక శాలువా చాలుగా?

గుప్తకాశీ, ఫాటా, సేర్సీల నుంచి కొద్ది నిమిషాల్లో 3,583 మీటర్ల ఎత్తున దింపేస్తారు. మబ్బు కమ్మితే తిరుగు హెలికాప్టర్ రాదు. అలా రాత్రంతా చిక్కుకుపోయేది ఎక్కువగా శాలువాతో వచ్చినవాళ్లే. లగేజీ కొద్ది కిలోలే అనుమతిస్తారు కాబట్టి థర్మల్స్, జాకెట్, బూట్లు అన్నీ ఒంటి మీదే వేసుకుని ఎక్కండి. మందులు రెండు రోజులకు సరిపడా జేబులో పెట్టుకోండి.

ఉపవాసంతో, తలస్నానం చేసి దర్శనం చేసుకోవాలనుకుంటున్నాం.

ఖాళీ కడుపుతో ఆ కొండ ఎక్కితే చలికి వణకడానికి కూడా ఒంట్లో సత్తువ మిగలదు. ఉపవాసం తప్పదంటే నిరాహారం వద్దు. ఖర్జూరాలు, అరటిపండు, పల్లీ చెక్కీ గంటకు కొంచెం చొప్పున తింటూ, వేడి పాలు తాగుతూ వెళ్లండి. దాహం వేయకపోయినా నీళ్లు తాగాలి.

మందాకిని నదిలో మునగడం అక్కడ ప్రాణాంతకం కాగలదు, గుండెజబ్బు, బీపీ ఉన్నవాళ్లకు మరీ. వేడినీళ్లు బకెట్ చొప్పున దొరుకుతాయి, ఒంటికి పోసుకుని తల మీద నీళ్లు చిలకరించుకోండి. పొడుగు జుట్టు తడిస్తే ఆ చలిలో గంటల తరబడి ఆరదు. గుండు చేయించుకున్నవాళ్లు టోపీ తీయకూడదు.

మాతో ఉన్న మనిషికి చలి ప్రమాదకరంగా సోకిందని ఎలా తెలుస్తుంది? ఏం చేయాలి?

మొదట ఆగని వణుకు. తర్వాత వేళ్లు మాట వినవు, జిప్పు పెట్టుకోలేరు. బొటనవేలిని చిటికెనవేలికి తాకించమని అడగండి. చేయలేకపోతే ఇక నడిపించకూడదు. ఆపైన మాట ముద్దగా వస్తుంది, అడుగు తడబడుతుంది, చిరాకుగా "నాకేం కాలేదు, మీరు పదండి" అంటారు. ఆ మాటను నమ్మి వదిలేసి ముందుకు వెళ్లకండి. బట్టలు మారకుండానే వణుకు ఆగిపోయిందంటే తగ్గిందని కాదు, ముదిరిందని.

ముందు గాలి, వాన తగలని చోటికి చేర్చండి, టీ కొట్టు టార్పాలిన్ కింద అయినా సరే. తడి బట్టలన్నీ తీసేయాలి, లోపలివి కూడా. దీనికి సిగ్గు అడ్డు రాకుండా చుట్టూ దుప్పట్లు పట్టుకోండి. తుడిచి ఆ విడిగా కట్టిన కవర్లోని పొడి బట్టలు తొడగండి, తలకు టోపీ పెట్టండి. కింద కూడా దుప్పటి పరవాలి, చల్లటి నేల వేడిని లాగేస్తుంది. వేడినీళ్ల సీసాలను గుడ్డలో చుట్టి చంకల్లో, ఛాతీ మీద పెట్టండి. స్పృహలో ఉండి బాగా మింగగలిగితేనే తీపి టీ. కాళ్లూ చేతులూ గట్టిగా రుద్దకూడదు, పొయ్యి పక్కన కూర్చోబెట్టకూడదు, బ్రాందీ తాగించకూడదు. మద్యం తాగితే వెచ్చగా ఉన్నట్టు అనిపిస్తుంది, నిజానికి లోపలి వేడిని చర్మం మీదికి తెచ్చి బయటికి పోగొడుతుంది. దారిలో వైద్య శిబిరాలు, రాష్ట్ర విపత్తు దళం వాళ్లు ఉంటారు, ఎవరినైనా పంపి పిలిపించండి. ఫోన్ పనిచేస్తే 108 లేదా 112.

తలనొప్పి, వికారం ఉంటే అది ఎత్తు వల్ల కావచ్చు. ఆ ఎత్తున గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదాంట్లో మూడింట రెండు వంతులే. కూర్చుని ఉన్నా ఆయాసం తగ్గకపోతే, నడక తూలుతుంటే చలా ఎత్తా అని తేల్చుకుంటూ కూర్చోకండి. వెచ్చబరుస్తూనే కిందికి దించే ఏర్పాటు చేయండి.

అమ్మగారికి 68 ఏళ్లు, షుగర్ ఉంది. ప్రత్యేకంగా ఏమైనా?

పెద్దవయసులో వణుకు సరిగ్గా రాకపోవచ్చు కాబట్టి వణుకు కోసం చూడకుండా మాట, నడక గమనించండి. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు హీటర్‌కు, మంటకు కాళ్లు చాపకూడదు. కాలినా తెలియదు. ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు, లోపలి జేబులో ఒంటికి ఆనించి ఉంచాలి. గ్లూకోమీటర్ చలికి తప్పు చూపించవచ్చు, లోపల వెచ్చబెట్టి వాడండి.

టెంట్‌లో చలిగా ఉంటే బొగ్గుల కుంపటి పెట్టుకోవచ్చా?

వద్దే వద్దు. మూసిన టెంట్‌లో, గదిలో బొగ్గులు రాజేస్తే వాసన లేని విషవాయువు నిండుతుంది, నిద్రలోనే ప్రాణం పోతుంది. ఇంకో రజాయి అడగండి.

ఇవన్నీ ఎక్కడ కొనాలి?

మన ఊళ్లలో టిబెటన్ల స్వెట్టర్ దుకాణాలు చలికాలంలోనే ఉంటాయి, ఏప్రిల్‌లో వెతికితే దొరకవు. మేలో యాత్ర అనుకుంటే జనవరిలోపే కొనిపెట్టుకోండి. టీషర్ట్, రెయిన్ సెట్టు, షూ పెద్ద స్పోర్ట్స్ షాపుల్లో ఏడాది పొడవునా దొరుకుతాయి. మిగిలిపోయినవి హరిద్వార్, ఋషికేశ్‌లలో తీసుకోవచ్చు. డబ్బు తక్కువగా ఉంటే ముందు షూ, తర్వాత రెయిన్ సెట్టు. జాకెట్‌ను ఎవరినైనా అడిగి తీసుకెళ్లినా గడుస్తుంది, పాదాలకు సరిపోని షూతో గడవదు.

పైన తడిసిన బట్టలు మర్నాటికి ఆరతాయా?

ఆరవు. గాలిలో తేమ ఎక్కువ, చలి ఎక్కువ. పిండి ఒక కవర్లో కట్టేయండి. చెమ్మగా ఉన్న గ్లౌజులు, సాక్సులు మాత్రం థర్మల్స్ మీద, రజాయి కింద పొట్ట దగ్గర పెట్టుకుని పడుకుంటే తెల్లారేసరికి చాలావరకు ఆరతాయి. షూ లోపలి అట్టలు తీసి, పాత పేపర్లు ఉండలు చేసి కుక్కి, రెండు గంటలకోసారి మార్చండి. పొద్దున వాన పడుతూనే ఉంటే కష్టమైనా నిన్నటి తడి ప్యాంటే వేసుకుని దిగండి, నడక మొదలుపెట్టాక ఒళ్లు వేడెక్కుతుంది. పొడి జత మాత్రం గౌరీకుండ్ దాకా కవర్లోనే ఉండాలి, అక్కడి నుంచి సోన్‌ప్రయాగ వెళ్లే జీపు కోసం క్యూలో నిలబడేది దానితోనే.